అడుగుల లెక్కకు అందని శ్రమ

కొలతలు – కొలమానాలు

గత సంచికలో గొట్టాలలో ప్రవహించే వాయువును ఏ విధంగా కొలుస్తామో ముచ్చటించుకున్నాము. యంత్రాలను గురించి ఇంతగా వ్రాస్తున్నారు, మనుషులను కొలిచే పరికరాలను గురించి కూడా ఒకసారి వ్రాయరాదా అని మన టౌన్‌షిప్‌లోని కొందరు గృహిణులు అడిగారు. వారి కోరికను మన్నిస్తూ ఈ మాసం ఒక సున్నితమైన విషయాన్ని ఎన్నుకున్నాను. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు రోజు మొత్తంమీద ఎంత కదులుతున్నారు, ఎంత శ్రమపడుతున్నారు అనే సంగతిని కొలవడం ఎలా అన్నది ఆ విషయం.

ఏదైనా ఒక విషయాన్ని అంకెలలో చెప్పలేకపోతే దానిని గురించి మనకున్న జ్ఞానం అసంపూర్ణమేనని 1883లో ఒక ఉపన్యాసంలో లార్డ్ కెల్విన్ అభిప్రాయపడ్డాడు. ఇంజనీర్లమైన మనకు అది వేదవాక్యం వంటిది. అయితే మూడు దశాబ్దాలు పరికరాల మధ్య గడిపిన వారికి మరొక సత్యం కూడా తెలిసి ఉంటుంది. ప్రతి పరికరమూ తనను ఏ పనికోసం తయారుచేశారో ఆ పనినే చేస్తుంది. పీడనాన్ని కొలిచే గేజిని ఉష్ణోగ్రత ఎంతని అడిగి ప్రయోజనం లేదు. ఈ రెండు సత్యాలనూ కలిపి చూస్తే తప్ప మన ప్రస్తుత విషయం బోధపడదు.

ఈ స్థితి ఏమిటి?

గర్భంలో ఉన్నప్పుడు గాని, ప్రసవ సమయంలో గాని, పుట్టిన తరువాత తొలి సంవత్సరాలలో గాని ఎదుగుతున్న మెదడుకు కలిగిన హాని వలన శరీర కదలికలలోను, భంగిమలోను ఏర్పడే శాశ్వతమైన ఇబ్బందిని సెరిబ్రల్ పాల్సీ అంటారు. తెలుగులో మస్తిష్క పక్షవాతం అని కూడా వ్రాస్తున్నారు. లండనుకు చెందిన విలియం జాన్ లిటిల్ అనే వైద్యుడు 1861లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం ఎదుట దీనిని సవివరంగా వర్ణించాడు. అందువలన చాలాకాలం దీనిని లిటిల్ వ్యాధి అని పిలిచేవారు. ఆ లిటిల్ తాను కూడా బాల్యం నుండి పాదవైకల్యం కలిగినవాడే. మనోవిశ్లేషణతో ప్రఖ్యాతుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ సైతం అంతకుముందు నాడీవైద్యుడుగా ఉన్న కాలంలో, 1897లో, ఈ విషయంపై పెద్ద గ్రంథమే రచించాడు.

మెదడుకు జరిగిన హాని కాలక్రమేణా పెరగదు. కాని పిల్లవాడు పెరుగుతాడు. ఎముకలు పొడవౌతాయి, బిగిసిన కండరాలు ఆ ఎముకలతో సమానంగా సాగలేవు. అందువలన కదలిక తగ్గితే కీళ్ళు పట్టుకుపోవడం, తుంటి కీలు తన స్థానం నుండి జారడం, ఎముకల బలం తగ్గడం వంటి చిక్కులు వయస్సుతోపాటు వస్తాయి. కదలికను గురించి ఇంతగా ఆరాటపడటానికి కారణం ఇదే.

ఈ పిల్లలలో ఎక్కువమందికి, అంటే సుమారు నూటికి ఎనభైమందికి, కండరాలు బిగిసి ఉంటాయి. దానిని స్పాస్టిక్ రకమంటారు. మరికొందరిలో చేతులు, మెడ, ముఖం తమ ప్రమేయం లేకుండానే మెలితిరుగుతూ ఉంటాయి. పుట్టిన తొలి దినాలలో తీవ్రమైన పచ్చకామెర్లకు సకాలంలో చికిత్స అందని పిల్లలలో ఈ రెండవ రకం కనిపించడం మన దేశంలో ఇంకా అరుదు కాదు. మరికొందరిలో శరీరపు తూకం నిలువదు. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి పాపఫలమూ కాదు. మాట స్పష్టంగా లేనంత మాత్రాన తెలివి లేదనుకోవడం మరింత పెద్ద పొరపాటు. ఈ స్థితితో జన్మించిన కుమార్తె చదువుకోసం మిథు ఆలూర్ గారు 1970 దశకం ఆరంభంలో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించారు. ఆ కుమార్తె మాలినీ చిబ్ పెరిగి పెద్దదై ఉన్నత విద్యలు అభ్యసించి, ఒకే ఒక వ్రేలితో టైపు చేస్తూ తన ఆత్మకథను రచించారు.

ఐదు మెట్లు

నడవగలడా, లేడా అనే ఒక్క ప్రశ్నతో ఈ పిల్లలందరినీ రెండు రాశులుగా విడగొట్టడం చాలాకాలం వాడుకలో ఉండేది. 1997లో రాబర్ట్ పాలిసానో, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ రోజెన్‌బామ్ ప్రభృతులు ఐదు అంతస్తుల వర్గీకరణను ప్రతిపాదించారు. మొదటి వర్గంలోని పిల్లలు అందరివలె నడుస్తారు, పరుగెత్తుతారు, కాని వేగంలోను తూకంలోను కొంచెం వెనుకబడతారు. రెండవ వర్గంవారు నడుస్తారు గాని మెట్లెక్కడానికి పిట్టగోడ కావాలి, దూరమైతే అలసిపోతారు. మూడవ వర్గంవారికి చేతికర్రలో వాకరో అవసరం. నాల్గవ వర్గంవారు ఎక్కువగా చక్రాల కుర్చీపై ఆధారపడతారు. ఐదవ వర్గంలోని పిల్లలకు తల నిలుపుకోవడమే కష్టం. వారిని ఇతరులే కదిలించవలసి ఉంటుంది.

అదే బృందంవారు ఒంటారియో రాష్ట్రంలోని 657 మంది పిల్లలను కొన్ని సంవత్సరాలపాటు పరిశీలించి 2002లో ఎదుగుదల రేఖలను ప్రచురించారు. మన ప్లాంటులో కొత్త పంపుతోపాటు తయారీదారు పంపించే పనితీరు వక్రరేఖల వంటివే ఇవి. ఏ వర్గంలోని పిల్లవాడు ఏ వయస్సుకు ఎంతవరకు కదలికలు నేర్చుకోగలడో వాటినిబట్టి అంచనా వేయవచ్చును. మొదటి వర్గంవారు తమ సామర్థ్యంలో 90 శాతాన్ని సుమారు ఐదేళ్ళ వయస్సుకు, ఐదవ వర్గంవారు మూడేళ్ళలోపే అందుకుంటారని వాటివలన తేలినది. తొలి సంవత్సరాలలో చికిత్స ఎంత విలువైనదో దీనినిబట్టి గ్రహించవచ్చు. మన దేశంలో 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద జిల్లా స్థాయిలో ఎదుగుదల లోపాలను ముందుగా గుర్తించే కేంద్రాలను ఏర్పాటు చేయడంలోని ఉద్దేశం ఇదే.

పదివేల అడుగుల పుట్టుక

ఇక కొలతల సంగతికి వద్దాము. నేడు ఎవరి మణికట్టు చూసినా అడుగులు లెక్కించే పట్టీ కనిపిస్తున్నది. రోజుకు పదివేల అడుగులు నడవాలన్న మాట పిల్లల నోట కూడా వినిపిస్తున్నది. ఈ పదివేలు ఎక్కడినుండి వచ్చినదో చాలామందికి తెలియదు. 1965లో జపానుకు చెందిన యమాసా అనే సంస్థ అడుగులు లెక్కించే చిన్న యంత్రాన్ని అమ్మకానికి పెట్టి దానికి ‘మాన్‌పో-కే’ అని పేరు పెట్టినది. పదివేల అడుగుల మాపకం అని దాని అర్థం. వినడానికి ఇంపుగా ఉన్న ఆ సంఖ్య తరువాత ఆరోగ్యసూత్రంగా స్థిరపడినది. అంటే అది వాణిజ్య ప్రకటనలో పుట్టిన అంకె. ఆరోగ్యవంతులైన పెద్దలకు అది మంచి ప్రోత్సాహమే కావచ్చు. కాని బిగిసిన కాళ్ళతో నడిచే తొమ్మిదేళ్ళ పిల్లకు దానిని శాసనంగా విధిస్తే ఏమౌతుందో ముందు ముందు చూద్దాము.

కంప్రెసరు మీది పరికరమే నడుము మీద

చేతిపట్టీలలోను, పరిశోధకులు పిల్లల నడుముకు కట్టే పరికరాలలోను ఉండేది యాక్సిలరోమీటర్, అనగా త్వరణమాపకం. మన కంప్రెసర్ల బేరింగులపై అమర్చి కంపనాలను పరీక్షించేది ఇదే జాతి పరికరం. లోపల ఒక చిన్న బరువు, దానిని పట్టి ఉంచే స్ప్రింగు వంటి అమరిక ఉంటాయి. కదలిక కలిగినప్పుడు ఆ బరువు జరిగిన మేరకు విద్యుత్ సంకేతం పుడుతుంది. పెద్ద కంప్రెసరుకైనా పిల్లవాడి నడుముకైనా సూత్రం ఒక్కటే.

మెయింటెనెన్సు విభాగంలోని సోదరులకు తెలియనిది కాదు: పరికరాన్ని మరతో బిగించినప్పుడు ఒక రీడింగు, అయస్కాంతంతో అంటించినప్పుడు మరొక రీడింగు, చేతితో నొక్కిపట్టినప్పుడు ఇంకొక రీడింగు వస్తాయి. మనిషి విషయంలోనూ అంతే. నడుమున కట్టితే ఒక లెక్క, మణికట్టున కట్టితే ఒక లెక్క, చీలమండకు కట్టితే మరొక లెక్క. శరీరంలో ఒకవైపు మాత్రమే బలహీనంగా ఉన్న పిల్లవాడికి ఆ వైపు చేతికి పట్టీ కట్టితే అడుగులు సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. నెమ్మదిగా, పాదం ఈడ్చుతూ నడిచేవారి అడుగులను లెక్కించడంలో చీలమండకు కట్టే పరికరాలు నడుముకు కట్టేవాటికన్నా నమ్మదగినవని పరిశోధకులు గుర్తించారు.

రెండవ చిక్కు వడపోతకు సంబంధించినది. పరిశోధనలలో విస్తృతంగా వాడే ఒక పరికరం సెకనుకు 0.25 నుండి 2.5 సార్ల మధ్య జరిగే కదలికలను మాత్రమే లెక్కలోకి తీసుకుని మిగిలినవాటిని తొలగిస్తుంది. వచ్చిన సంకేతాలను కూడి ఒక సంఖ్యగా చూపుతుంది. ఆ సంఖ్య నిమిషానికి సుమారు 2,296 దాటితే పిల్లవాడు మధ్యస్థమైన శ్రమ చేస్తున్నట్లు లెక్క. 2008లో వెలువడిన ఈ సరిహద్దును ఏ ఇబ్బందీ లేని పిల్లలను పరీక్షించి నిర్ణయించారు. మరి సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు ఇది వర్తిస్తుందా? ఆస్ట్రేలియాలోను ఇతర దేశాలలోను పరిశోధకులు పరీక్షించి చూడగా, స్వయంగా నడవగలిగిన పిల్లలకు ఫరవాలేదనిపించినా, ఊతకర్రలతో నడిచే మూడవ వర్గంవారి శ్రమను ఇది బాగా తక్కువచేసి చూపుతున్నట్లు తేలినది. నడక ఎంత కష్టమైతే కొలతలో లోటు అంత ఎక్కువ అన్నమాట. అందువలననే 2016 నాటికి ఈ పిల్లల కదలికలనే కంప్యూటరుకు నేర్పి, ఒక్క సరిహద్దు సంఖ్యకు బదులు కొన్ని వరుస ప్రశ్నలతో శ్రమస్థాయిని నిర్ణయించే పద్ధతులు రూపొందాయి.

మన సూరత్ జీవితం నుండే రెండు ఉదాహరణలు చెబుతాను. జనవరి 14వ తేదీ ఉత్తరాయణం. ఊరంతా మేడల మీదనే ఉంటుంది. చక్రాల కుర్చీలో కూర్చున్న పన్నెండేళ్ళ కుర్రవాడొకడు ఉదయం నుండి సాయంత్రం వరకు గాలిపటం ఎగురవేశాడనుకోండి. దారాన్ని లాగుతూ, వదులుతూ, ‘కాయ్‌పో ఛే’ అని కేకలు వేస్తూ భుజాలు నొప్పి పుట్టేదాకా ఆడాడు. అతని నడుమున ఉన్న పరికరం ఆ రోజంతా విశ్రాంతిగా కూర్చున్నాడని నివేదిక ఇస్తుంది. మరొక రోజున అదే కుర్రవాడిని నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్లుకు తీసుకువెళితే బెర్తుమీద పడుకున్నవాడి పేరిట రైలు కుదుపులలో కొన్ని జమ అయినా అవుతాయి. ఇక తమ ప్రమేయం లేకుండా చేతులు కదిలే పిల్లలకు మణికట్టున పట్టీ కట్టితే, వారు కూర్చున్నచోటు నుండి లేవకుండానే వేల అడుగులు నడిచినట్లు చూపవచ్చు.

ఇంధనం లెక్క

కదలికను కొలిచే బదులు ఖర్చైన ఇంధనాన్ని కొలవవచ్చును గదా అని మనవారెవరైనా అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దీనికి అత్యంత ప్రామాణికమైన పద్ధతి రెండు గుర్తుపెట్టిన మూలకాలున్న నీటిని త్రాగించడం. అందులోని హైడ్రోజనుకు బదులు డ్యుటీరియం, మామూలు ఆక్సిజనుకు బదులు బరువైన ఆక్సిజన్-18 ఉంటాయి. డ్యుటీరియం నీటి రూపంలోనే శరీరం నుండి బయటకు పోతుంది. ఆక్సిజన్ నీటి రూపంలోను, బొగ్గుపులుసు వాయువు రూపంలోను పోతుంది. ఒకటి రెండు వారాలపాటు మూత్రాన్ని పరీక్షించి ఈ రెండింటి తరుగుదలలోని తేడాను చూస్తే శరీరం ఎంత ఇంధనాన్ని దహించినదో తెలుస్తుంది. అమెరికాలో లిఫ్‌సన్ అనే శాస్త్రవేత్త 1950 దశకంలో ఎలుకలపై దీనిని నిరూపించగా, 1980 దశకం ఆరంభంలో మనుషులకు వర్తింపజేశారు. హాని లేని పద్ధతే, కాని ఖర్చు ఎక్కువ. పైగా ఇది నెలాఖరున వచ్చే కరెంటు బిల్లు వంటిది. మొత్తం ఎంత ఖర్చైనదో చెబుతుంది గాని, ఏ మోటారు ఏ గంటలో తిరిగినదో చెప్పదు.

దీనికన్నా సులభమైనదీ, ఒక గడియారం, ఒక టేపు ఉంటే చాలునన్నదీ మరొక పద్ధతి ఉన్నది. దానిని శారీరక వ్యయ సూచిక అంటారు. పిల్లవాడు విశ్రాంతిగా కూర్చున్నప్పుడు నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో చూడాలి. తరువాత తనకు హాయిగా ఉన్న వేగంతో కొన్ని నిమిషాలు నడిపించి మళ్ళీ చూడాలి. రెండింటి తేడాను నడక వేగంతో భాగిస్తే ఒక్కొక్క మీటరు నడవడానికి గుండె అదనంగా ఎన్నిసార్లు కొట్టుకున్నదో వస్తుంది. మోటారువాహనం లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని మనం అడిగే లెక్కను తిరగవేసినట్లన్నమాట. ఏ ఇబ్బందీ లేని పిల్లలలో ఇది మీటరుకు సుమారు 0.4 ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలలో దీనికి రెండు మూడు రెట్లు ఉండటం సర్వసాధారణం. రోజురోజుకూ ఈ సంఖ్యలో హెచ్చుతగ్గులు ఉంటాయి కనుక ఒక్క కొలతపై ఆధారపడి తీర్పు చెప్పరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు 5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు, వైకల్యం ఉన్నవారితో సహా, రోజుకు సగటున 60 నిమిషాల మధ్యస్థమైన లేదా తీవ్రమైన శ్రమ ఉండాలని చెబుతున్నాయి. శ్రమ మధ్యస్థమా, తేలికా అన్నది ఆ శరీరం పడే ప్రయాసనుబట్టి ఉంటుంది. అన్నకు షికారువంటి నడక చెల్లెలికి కసరత్తు కావచ్చు. ఈ చిన్న విషయాన్ని మరచి, అందరికీ ఒకే సరిహద్దు పెట్టి, ఈ పిల్లలు బద్ధకస్తులని తీర్మానించడం అన్యాయం. అదే సమయంలో, ఈ పిల్లలలో అధికసంఖ్యాకులు తోటివారికన్నా తక్కువ కదులుతున్నారన్నదీ, ఎక్కువసేపు కూర్చుని గడుపుతున్నారన్నదీ పలు దేశాల పరిశోధనలలో తేలిన సత్యమే. కొలతలోని లోపాన్ని సాకుగా చూపి కదలిక అవసరమే లేదనుకోరాదు.

ఒక ఇంటిలో జరిగినది

మన ప్లాంటులోనే పనిచేసే ఒక మిత్రునికి తొమ్మిదేళ్ళ కుమార్తె ఉన్నది. రెండు కాళ్ళలో బిగుతు. నడుస్తుంది, మెట్లకు పిట్టగోడ కావాలి. అంటే రెండవ వర్గం. పుట్టినరోజుకు తండ్రి ఆమెకు చేతిపట్టీ కొనిచ్చి, మొదట ఆరువేలు, సంక్రాంతి నాటికి పదివేలు అని లక్ష్యం పెట్టాడు. ప్రేమతో చేసిన పనే. అమ్మాయి నాలుగువేలు దాటేసరికి కాళ్ళు పీకుతున్నాయని కూలబడేది. సాయంత్రం హోంవర్కు వ్రాయలేకపోయేది. అకస్మాత్తుగా ఒక వారం ప్రతిరోజూ ఎనిమిది, తొమ్మిది వేలు రావడం మొదలైనది. తండ్రి ఆనందానికి మేర లేదు. నేను వారింటికి వెళ్ళినప్పుడు ఆ పిల్ల మెల్లగా నా దగ్గరకు వచ్చి, “అంకుల్, నాన్నగారికి చెప్పకండి. స్కూలు నుంచి వచ్చాక పట్టీ తమ్ముడికి కట్టేస్తున్నాను. వాడు ఎలాగూ క్రికెట్ ఆడుతాడు కదా” అన్నది.

మన డేటా లాగర్లలో ఇటువంటి చమత్కారాలు నేను చూడకపోలేదు. కాని ఆ మాటలో నవ్వుకన్నా బాధ ఎక్కువగా వినిపించినది. అమ్మాయి అనుమతితోనే ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాను. ఆమెకు చికిత్స చేసే ఫిజియోథెరపిస్టు సలహాపై, ఆమె సమక్షంలోనే, వారి బ్లాకు ముందున్న చదునైన దారిని టేపుతో కొలిచి గుర్తులు పెట్టాము. అమ్మాయికి విశ్రాంతిలో 88, ఐదు నిమిషాలు నడిచాక 128. నడిచిన దూరం 200 మీటర్లు. అంటే నిమిషానికి 40 మీటర్లు, మీటరుకు ఒక్క స్పందన. తమ్ముడికి విశ్రాంతిలో 86, నడకలో 110, నిమిషానికి 60 మీటర్లు; మీటరుకు 0.4. ఆ కాగితాన్ని తండ్రి చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. “అయితే దాని నాలుగువేలూ వీడి పదివేలతో సమానమన్నమాట” అన్నాడు. అంత ఖచ్చితంగా గుణించరాదుగాని, భావం మాత్రం అదే.

పాఠశాలలో ఆటల గంట వచ్చినప్పుడు ఆ అమ్మాయిని తరగతిలోనే కూర్చోబెట్టేవారు. పడిపోతుందేమోనన్న భయంతో చేసినదే. కదలిక అవసరమైన పిల్లకు ఆటను నిషేధించి, సాయంత్రం ఇంటివద్ద అడుగులు లెక్కపెట్టడం ఎంత విడ్డూరమో తల్లి వెళ్ళి ఉపాధ్యాయులకు వివరించింది. ఆటలో ఆమెకు తగిన పాత్ర దొరికినది. పాదాలకు కొత్త ఆర్థోసిస్, అంటే చీలమండను సరిగా నిలిపే ప్లాస్టిక్ ఆధారం, అమర్చారు. మూడు నెలల తరువాత అదే దారిలో కొలిస్తే ఐదు నిమిషాలలో 240 మీటర్లు నడిచినది. గుండె స్పందన 124 మాత్రమే. మీటరుకు 0.75. విచిత్రమేమంటే చేతిపట్టీ చూపే అడుగుల సంఖ్య కొద్దిగా తగ్గినది! అంగ పొడవైనది గనుక అదే దూరానికి తక్కువ అడుగులు సరిపోతున్నాయి. పట్టీనే నమ్ముకుని ఉంటే ఆ అభివృద్ధిని క్షీణతగా భావించి ఉండేవారు.

నేమ్‌ప్లేటు, వాస్తవం

ప్రతి మోటారుకూ నేమ్‌ప్లేటుపై ఒక సామర్థ్యం వ్రాసి ఉంటుంది. నిత్యం ఆ మోటారు మోస్తున్న భారం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన వర్గీకరణ మనుషుల విషయంలోనూ ఈ భేదాన్ని పాటించినది. చికిత్సాగదిలో నున్నని నేలపై పిల్లవాడు ఏమి చేయగలడన్నది సామర్థ్యం. తన ఇంటిలో, వీధిలో, బడిలో నిజంగా ఏమి చేస్తున్నాడన్నది ఆచరణ. రెండింటి మధ్య దూరం చాలాసార్లు పిల్లవాడి కాళ్ళలో ఉండదు, మన కట్టడాలలో ఉంటుంది.

మన నగరంలోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాలను తీసుకోండి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలనుండి పవర్‌లూమ్ పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ వేలాదిగా ఉన్నాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలను నడుపుతున్నది. అటువంటి పేటలో ఇరుకు మెట్లున్న మూడవ అంతస్తులో కాపురముండే తల్లి, ఎనిమిదేళ్ళ బిడ్డను చంకన వేసుకుని దిగవలసి వస్తే, రోజుకు ఒకసారి దించుతుంది, లేదా దించనే దించదు. ఆ బిడ్డ నడుముకు ఎంత ఖరీదైన పరికరం కట్టినా అది కొలిచేది ఆ మెట్లనే. క్రింది అంతస్తులో గది దొరికితే, గడపవద్ద చిన్న వాలుబాట వేస్తే, మందులేవీ మార్చకుండానే ఆ రీడింగు మారుతుంది.

మన టౌన్‌షిప్‌లు ఈ విషయంలో ఎంతో మెరుగు. రోడ్లు చదునుగా ఉన్నాయి, నీడ ఉన్నది, వాహనాల రద్దీ తక్కువ. కాని క్లబ్బు మెట్లకు వాలుబాట ఉన్నదా, పిల్లల పార్కులోని ఇసుకలోకి చక్రాల కుర్చీ వెళ్ళగలదా అని మనలో ఎందరం చూశాము? 2017 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సెరిబ్రల్ పాల్సీని పేర్కొనడమే గాక, అందుబాటులో ఉండే కట్టడాలనూ, నిర్ణీత స్థాయి వైకల్యమున్న 6 నుండి 18 ఏళ్ళ పిల్లలకు ఉచిత విద్యనూ హక్కుగా చెప్పినది.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

ఇంటిలో ఇటువంటి బిడ్డ ఉన్నవారికి, ఇంజనీరుగా నాకు తోచిన కొన్ని సూచనలు మనవి చేస్తాను. వైద్యవిషయాలలో వైద్యులదీ, ఫిజియోథెరపిస్టులదీ తుదిమాట అని వేరుగా చెప్పనవసరం లేదు.

మొదటిది, బిడ్డను ఇతర పిల్లలతో కాక, గత మాసపు తనతోనే పోల్చండి. ఒకే పరికరాన్ని, ఒకే చోట, ఒకే విధంగా కట్టి చూసినప్పుడే ఆ పోలికకు విలువ.

రెండవది, ఒక్కరోజు రీడింగుతో ఏమీ తేలదు. పరిశోధకులు సాధారణంగా వారం రోజులపాటు కట్టి, అందులో సెలవుదినం కూడా ఉండేటట్లు చూస్తారు. బడి ఉన్న రోజు వేరు, ఆదివారం వేరు. మే నెల ఎండ వేరు, శ్రావణపు వాన వేరు.

మూడవది, అంకెతోపాటు ఒక పంక్తి డైరీ వ్రాయండి. ఎక్కడకు వెళ్ళినది, ఎవరితో ఆడినది, తరువాత అలసట ఎంతసేపు ఉన్నది. పరికరం సున్నా చూపిన రోజున గాలిపటం ఎగురవేసినట్లు తెలిపేది ఆ డైరీయే. ఫిజియోథెరపిస్టుకు అది ఎంతో ఉపయోగం.

నాల్గవది, కూర్చునే కాలాన్ని ముక్కలు చేయండి. గంట కసరత్తు చేయలేని బిడ్డ కూడా గంటకొకసారి లేచి నిలబడగలదు. నిలబడలేని బిడ్డకు భంగిమ మార్చవచ్చు. కూర్చునే కాలాన్ని తగ్గించడం కూడా లాభమేనని నిపుణులు చెబుతున్నారు.

ఐదవది, కొలిచేటప్పుడు బిడ్డ అనుమతి తీసుకోండి. పట్టీ తమ్ముడి చేతికి వెళ్ళినదంటే లోపం పట్టీలో లేదు.

అవసరమైనవారు మజూరా గేటు వద్దనున్న న్యూ సివిల్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగాన్ని సంప్రదించవచ్చు. తెలుగునాట ఉన్న బంధువులకు సికింద్రాబాదులోని స్వీకార్ సంస్థ, మనోవికాసనగర్‌లోని జాతీయ సంస్థ చిరపరిచితాలే. 1999 నాటి చట్టం క్రింద ఏర్పడిన నేషనల్ ట్రస్టువారి నిరామయ పథకంలో చేరితే లక్ష రూపాయల వరకు చికిత్స ఖర్చులకు బీమా లభిస్తుంది. చికిత్స సంవత్సరాల తరబడి సాగేది కనుక ఇటువంటి ఆసరాను వదలుకోరాదు.

మన ప్లాంటులో ఒక మీటరు తప్పు చూపినప్పుడు యంత్రాన్ని నిందించము. మీటరును విప్పి సరిచూస్తాము, దానిని అమర్చిన చోటు సరియైనదేనా అని అడుగుతాము. మన పిల్లల పట్ల కూడా అంతపాటి న్యాయం పాటిస్తే చాలును. ఆటస్థలంలో ఒక మూల కూర్చున్న బిడ్డ కనిపిస్తే ఎందుకు ఆడటం లేదని అడిగే ముందు, ఆ స్థలంలోకి ఆ బిడ్డ రావడానికి దారి ఉన్నదా అని ఒకసారి చూడవలసినదిగా పాఠకులను కోరుతున్నాను. టౌన్‌షిప్ పార్కు గేటు వద్దనున్న రెండు మెట్ల ప్రక్కన వాలుబాట నిర్మించాలని సివిల్ విభాగానికి ఒక వినతి సిద్ధం చేశాము. సంతకం చేయదలచినవారు రిక్రియేషన్ క్లబ్బులో ఉంచిన పుస్తకంలో చేయగలరు.

వచ్చే సంచికలో వంటింటి తూకాలను గురించి ముచ్చటించుకుందాము. అంతవరకు సెలవు.